నన్నారి సోడా తాగితే ప్రాణం పోతోంది. సెన్సిటివ్ పేస్టు పది రోజులు వాడినా తేడా లేదు, డబ్బులు దండగేనా?

గాంధీరోడ్_గుమాస్తా
తిరుపతిలో బట్టల షాపులో పని. ఎండలు ముదిరినప్పటి నుంచి ఒకటే బాధ. మధ్యాహ్నం బయటికొచ్చి నన్నారి సోడా గ్లాసు నోటికి పెట్టుకుంటే ఎడమ వైపు పైపళ్ళలో జివ్వుమంటుంది. సూదితో పొడిచినట్టే. రెండు మూడు సెకన్లు, ఆ తర్వాత ఏమీ ఉండదు. మొన్న కౌంటర్ దగ్గర చల్లనీళ్ళు తాగుతూ చీర రేటు చెప్తున్నా, సరిగ్గా అప్పుడే కొట్టింది. కళ్ళు మూసుకుని 'అమ్మా' అన్నా. 'రేటు చెప్పి నువ్వే అదిరిపోతే ఎట్ల నాయనా' అని ఆ పెద్దమ్మ నవ్వింది.

మెడికల్ షాపులో అడిగి సెన్సిటివ్ పేస్టు తెచ్చుకున్నా. మామూలు పేస్టుకు రెండింతల పైనే రేటు. పది రోజులుగా రోజూ పొద్దున మర్చిపోకుండా వాడుతున్నా. తేడా సున్నా. టీవీలో మాత్రం పేస్టు రాసిన మరుక్షణం ఐస్ కొరికేస్తారు. ఇవి నిజంగా పనిచేస్తాయా, మామూలు పేస్టునే డబ్బా మార్చి అమ్ముతున్నారా? వాడినోళ్ళు చెప్పండి.

చిత్తూరోడు
రెండేళ్ళుగా వాడుతున్నా. ఐస్ కొరికేంత సీన్ లేదు గానీ ఐస్‌క్రీం అయితే తింటున్నా. పది రోజులకే తీర్పు చెప్పేస్తే ఎట్లన్నా.

తోతాపురి_తోట
దండగే. ఈ రోగాలన్నీ పేస్టులు వచ్చాకే వచ్చాయి. మా అవ్వ ఎనభై దాటినా వేపపుల్లే నమిలింది. చెరకు గడ పంటితో చీల్చి మాకు పెట్టేది. సెన్సిటివ్ అనే మాటే ఎరగదు.

పులుసన్నం
మీ అవ్వ ఫ్రిజ్ నీళ్ళు తాగిందా మరి? కుండ నీళ్ళు తాగినోళ్ళకు జివ్వుమనే ఛాన్సే లేదు.

తోతాపురి_తోట
నేను చెప్పేదీ అదే కదా. కుండ కొనుక్కోమనండి, పేస్టు కంటే చవక.

హౌస్‌సర్జన్_అక్క
కుండ సంగతి తర్వాత చూద్దాం. గుమాస్తా తమ్ముడూ, ముందు ఇవి చెప్పు. గ్లాసు పక్కన పెట్టేశాక నొప్పి వెంటనే పోతుందా, నిమిషాల తరబడి లాగుతుందా? రాత్రి నిద్రలో లేపుతుందా? కొరికితే ఏదో ఒక పన్ను నొప్పా? నీది కుడిచేతి వాటమా? తోమాక ఎన్నిసార్లు పుక్కిలిస్తావు?

రేణిగుంట_జంక్షన్
కుడిచేతికీ పంటికీ ఏం సంబంధం అక్కా? జాతకం చెప్తున్నారా?

గాంధీరోడ్_గుమాస్తా
వెంటనే పోతుంది. రాత్రి నొప్పి లేదు. కొరికినా ఏం కాదు. కుడిచేతి వాటమే. పుక్కిలించడమంటారా, నురగంతా పోయేదాకా ఐదారు సార్లు. నోట్లో పేస్టు మిగిలితే నాకు కడుపులో తిప్పుతుంది. బ్రష్ హార్డ్‌ది. మెత్తటి దానితో తోమితే తోమినట్టే ఉండదు.

ఇంకో విషయం. సాయంత్రం షాపు కట్టేశాక ఇంకో నన్నారి సోడా తాగుతా, నిమ్మకాయ ఎక్కువ పిండించుకుని. నోరంతా పులుపు, జిగట. అందుకే రూముకు పోగానే మామూలు పేస్టుతో గట్టిగా రుద్ది తోమేస్తా. రాత్రి తిన్నాక మాత్రం తోమను. మొత్తానికి పళ్ళ విషయంలో నీటుగానే ఉంటా.

చిత్తూరోడు
నీటుగా ఉండే చెడగొట్టుకున్నావు సామీ.

హౌస్‌సర్జన్_అక్క
దొంగ దొరికాడు. ఒకడు కాదు, ముగ్గురు. కొంచెం పెద్దగా రాస్తా, ఓపికగా చదవండి.

పంటి పైపొర ఎనామిల్‌లో నరాలు ఉండవు. చల్లనిది తగిలినా వేడిది తగిలినా దానికి తెలీదు. దాని కింద డెంటిన్. చూడ్డానికి రాయిలాగే ఉంటుంది గానీ నిండా సన్నటి గొట్టాలు. ఒక్కో గొట్టం వెడల్పు ఒకటి రెండు మైక్రాన్లు. మన వెంట్రుక డెబ్బై మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, పోల్చుకోండి. పంటి లోపలి గుజ్జు దగ్గర చదరపు మిల్లీమీటరుకు 45 వేలకు పైగా గొట్టాలు ఉంటాయి. వాటి నిండా నీళ్ళలాంటి ద్రవం. పైన మూత ఉన్నంత కాలం ఆ ద్రవం గమ్మున ఉంటుంది. చిగురు పంటిని వదిలి వెనక్కి జరిగినా, ఎనామిల్ అరిగినా గొట్టాల మూతులు బయటపడతాయి. అప్పుడు చల్లటిది తగిలితే ద్రవం చటుక్కున బయటివైపు కదులుతుంది. ఆ కదలిక గుజ్జు అంచున ఉన్న నరాల కొసలకు తగులుతుంది. నువ్వు చెప్పిన సూదిపోటు అదే. స్వీడన్‌కు చెందిన బ్రానస్ట్రోమ్ 1960లలో ప్రయోగాలు చేసి చూపించిన సంగతి ఇది, ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునేది దీన్నే. గాలి పీల్చినా, తీపి తగిలినా కూడా ద్రవం కదులుతుంది. కొండ లడ్డూలో కలకండ పలుకు పంటి కింద పడితే కొందరు కన్ను మూసేది భక్తితో కాదు.

పేస్టు చేసే పని రెండు రకాలు. గొట్టం మూతికి బిరడా కొట్టడం ఒకటి. లోపలున్న నరాన్ని జోకొట్టడం ఇంకొకటి. పొటాషియం నైట్రేట్ ఉన్నది జోకొట్టే రకం. పొటాషియం గొట్టాల్లోంచి లోపలికి ఇంకి నరం చుట్టూ చేరితే, నరం ఒకసారి మోగాక మళ్ళీ మోగడానికి సిద్ధం కాలేదు. అది పోగుపడాలి కాబట్టే రోజుకు రెండుసార్లు వాడినా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నువ్వు వాడింది రోజుకు ఒకసారి, పది రోజులు, అదీ ఆరుసార్లు కడిగేసి. మందు నీకంటే మీ సింకుకే ఎక్కువ పట్టింది.

రేణిగుంట తమ్ముడికి జవాబు: కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ వైపు పళ్ళను ఎక్కువ నొక్కి తోముతారు. కోరపన్ను, దాని వెనక రెండు చిన్న దవడ పళ్ళు వంపులో ఉంటాయి, బ్రష్ దెబ్బంతా వాటికే. జాతకం కాదు, చేతివాటం.

ఇక నిమ్మకాయ. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అది 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండు దగ్గర ఉంటుంది. సోడా తాగాక కొంతసేపు పంటి పైపొర మెత్తబడి ఉంటుంది, లాలాజలం దాన్ని మళ్ళీ గట్టిపరచాలి. నువ్వు సరిగ్గా ఆ టైంలో హార్డ్ బ్రష్ అందుకుంటున్నావు. తడి ఆరని సున్నం మీద కొబ్బరి చీపురు పెట్టి గీకినట్టు.

ఒక పని చెయ్యి. అద్దం ముందు నిలబడి ఫోన్ టార్చ్ వేసుకో. ఎడమ పెదవి పైకెత్తి, చిగురూ పన్నూ కలిసే చోట గోరు కొసతో మెల్లగా గీయి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే చెప్పు.

పులుసన్నం
అక్కా, మీరు రాసింది చదువుతుంటేనే నాకు జివ్వుమంటోంది.

కెమిస్ట్రీ_అయ్యవారు
రిటైరయ్యాక ఇలాంటివి దొరికితే వదలను, క్షమించాలి. పొటాషియం నైట్రేట్ అంటే ఏదో కొత్త మందు అనుకోకండి. మన సూరేకారం. గంధకం, బొగ్గు కలిపితే తుపాకి మందు. పేస్టులో 5 శాతం కలిపితే పంటి మందు. దీన్ని పళ్ళ జివ్వుకు వాడొచ్చని 1974లో హోడోష్ అనే అమెరికా డెంటిస్టు రాశాడు. అంతకుముందు, 1961లో సెన్సోడైన్ వచ్చినప్పుడు అందులో ఉన్నది స్ట్రాన్షియం క్లోరైడ్, 10 శాతం. స్ట్రాన్షియం కాలిస్తే ఎర్ర మంట వస్తుంది, దీపావళి ఎర్ర మతాబుకు ఆ రంగు దానిదే. మొత్తం మీద సెన్సిటివ్ పేస్టు చరిత్ర సగం టపాసుల కొట్లోనే ఉంది.

స్ట్రాన్షియంతో ఒక చిక్కు ఉండేది. ఫ్లోరైడ్‌తో కలిస్తే రెండూ అంటుకుని అడుగుకు దిగిపోతాయి. అందుకని ఆ పేస్టులో ఫ్లోరైడ్ కలపడానికి వీల్లేకపోయింది. జివ్వు తగ్గాలా, పిప్పి రాకుండా ఉండాలా, ఏదో ఒకటే. పొటాషియం నైట్రేట్‌కు ఆ పేచీ లేదు.

అక్క రాసిన గొట్టాల మీద ఒక లెక్క. గొట్టం వెడల్పు రెండింతలైతే అందులో పారే ద్రవం రెండింతలు కాదు, పదహారింతలు. వ్యాసార్ధం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది, ఇంటర్ ఫిజిక్స్‌లో చదివే ఉంటారు. జివ్వుమనే పళ్ళను మైక్రోస్కోపు కింద చూస్తే, మామూలు పళ్ళ కంటే తెరుచుకున్న గొట్టాలు ఎనిమిదింతలు ఎక్కువ, వెడల్పు రెండింతలు ఉన్నాయని 1987లో అబ్సీ బృందం చూపించింది. ఆ రెండూ కలిపి గుణించుకోండి. అందుకే గొట్టం పూర్తిగా మూసుకోకపోయినా ఫర్వాలేదు, కొంచెం ఇరుకైతే చాలు, చాలా తేడా తెలుస్తుంది.

పులుసన్నం
అయ్యవారూ, ఆ పేస్టుతో తోముకుని బీడీ ముట్టిస్తే పేలుతుందా?

కెమిస్ట్రీ_అయ్యవారు
పేలదు. బీడీ వల్ల పోయే చిగుళ్ళు మామూలుగానే పోతాయి.

మందుల_షాపు_మామ
చిత్తూరులో ఇరవై ఏళ్ళుగా కౌంటర్‌లో ఉన్నా. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది 'ఆ నీలం ట్యూబు ఇవ్వు', 'ఆ తెల్ల డబ్బా ఇవ్వు' అంటారు. రంగు అడగొద్దు, వెనక చిన్నక్షరాలు చదవండి అంటే వినరు. ఒకే కంపెనీ సెన్సిటివ్ పేస్టు నాలుగు రకాలు పెడుతుంది, నాలుగింట్లో మందు వేరు. పొటాషియం నైట్రేట్ ఉంటే నరం రకం. కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్, లేదా ఆర్జినైన్, లేదా స్టానస్ ఫ్లోరైడ్ అని ఉంటే మూత రకం. టీవీలో 'వెంటనే' అని చూపించేవి ఎక్కువగా మూత రకాలే. గుమాస్తా వాడేది ఏదో ట్యూబు తిప్పి చూసి చెప్పాలి.

గాంధీరోడ్_గుమాస్తా
చూశా మామా. పొటాషియం నైట్రేట్ 5 శాతం అని ఉంది. ఐస్ కొరికే యాడ్ వేరే పేస్టుదట, నేను రెండూ కలిపేసుకున్నా.

రేణిగుంట_జంక్షన్
మా బావ అమెరికా నుంచి తెచ్చిన ట్యూబు మీద 'డెంటిస్టు చెప్తే తప్ప నాలుగు వారాలకు మించి వాడొద్దు' అని ఉంది. చిత్తూరన్న రెండేళ్ళుగా వాడుతున్నానన్నాడు. అన్న బతికే ఉన్నాడా?

చిత్తూరోడు
ఉన్నా. నీకు రిప్లై ఇస్తున్నది ఎవరు మరి.

హౌస్‌సర్జన్_అక్క
ఆ హెచ్చరిక పేస్టు విషమని కాదు. నాలుగు వారాల్లో తగ్గకపోతే అది ఉత్త జివ్వు కాకపోవచ్చు, లోపల ఇంకేదో ఉండొచ్చు, చూపించుకోమని. డాక్టర్ చూసి సరేనంటే ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు ఉన్నారు.

కాణిపాకం_క్యాషియర్
ఆ 'ఇంకేదో' నేనే. నా కథ వినండి, ఇంకొకరికి జరగకూడదు.

నాకు కింద కుడివైపు చివరి దవడ పన్ను దగ్గర చల్లటిది తగిలితే నొప్పి. సెన్సిటివిటీనే అనుకుని పేస్టు వాడా. కొంచెం తగ్గినట్టే అనిపించింది, ఆరు నెలలు లాగించా. మెల్లగా వేడి కాఫీకి కూడా నొప్పి మొదలైంది. చల్లటిదైతే సెకన్లలో పోయేది, కాఫీ నొప్పి పది నిమిషాలు లోపల దడదడా కొట్టుకునేది. అప్పుడు కూడా పేస్టు కొంచెం ఎక్కువ వేసుకున్నానే తప్ప ఎవరికీ చూపించలేదు. ఒకరోజు రాత్రి రెండింటికి లేచి కూర్చున్నా, దిండు ఆ వైపు ఆనించలేను. ఎక్స్‌రే తీస్తే రెండు పళ్ళ సందులో పైకి కనబడకుండా లోపలికి తొలిచేసిన పిప్పి. రూట్ కెనాల్, పైన క్యాప్. పేస్టు రేటు ఎక్కువని గుమాస్తా తమ్ముడు బాధపడుతున్నాడు, నా బిల్లు చూస్తే ట్యూబుకు దండం పెడతాడు. మొదటి నెలలోనే చూపించుంటే చిన్న ఫిల్లింగ్‌తో పోయేదని చెప్పారు.

హౌస్‌సర్జన్_అక్క
అందుకే మొదట్లో ఆ ప్రశ్నలన్నీ అడిగింది. నొప్పి చురుక్కుమని వచ్చి, చల్లది తీసేయగానే పోతే పేస్టుకు లొంగే రకం. వేడికి రావడం, ఊరికే రావడం, నిద్ర లేపడం, నిమిషాల తరబడి లాగడం, కొరికి వదిలినప్పుడు ఒకే పంట్లో చురుక్కుమనడం, వీటిలో ఏదున్నా పేస్టు జోలికి పోకుండా చూపించుకోవాలి. కొరికితే చురుక్కుమంటే పన్ను చీలి ఉండొచ్చు కూడా.

పులుసన్నం
పన్ను చీలితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంటే సరిపోదా?

చిత్తూరోడు
కట్టు కట్టి ఆరు వారాలు నోరు తెరవొద్దంటారు. మీ ఇంట్లోవాళ్ళు దానికి డబ్బులు ఎదురిచ్చి పంపిస్తారు.

లెక్కల_లంకె
అందరూ పేస్టు పనిచేస్తుందని తేల్చేసినట్టున్నారు. ఒక్క మాట. పొటాషియం పేస్టుల మీద జరిగిన పరీక్షల్ని 2006లో కాక్రేన్ వాళ్ళు, అంటే వైద్య పరీక్షల ఫలితాల్ని పోగేసి తూచే సంస్థ, కలిపి చూశారు. పంటిని సాధనంతో తాకి చూసినప్పుడు, గాలి ఊది చూసినప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలకు తేడా కనిపించింది. 'నీకెట్ల ఉంది' అని పేషంటునే అడిగితే మాత్రం తేడా తేలలేదు. పరీక్షలు కూడా కొన్నే. గట్టి ఆధారం లేదన్నారు. ఇలాంటి పరీక్షల్లో పోలిక కోసం ఈ మందు లేని ఉత్త పేస్టు ఇచ్చిన గుంపులో కూడా చాలామందికి నొప్పి తగ్గుతుంది. మరి రెండింతల డబ్బు దేనికి?

తోతాపురి_తోట
నేను మూడో పోస్టులోనే చెప్పా.

లెక్కల_లంకె
మీరు చెప్పింది వేపపుల్ల గురించి. దాని మీద ఆ మాత్రం పరీక్ష కూడా చూపించలేదు మీరు.

హౌస్‌సర్జన్_అక్క
లంకె గారు చెప్పింది నిజమే, మా క్లాసులో కూడా దీని మీద గొడవ పడ్డాం. ఉత్త పేస్టు గుంపుకు ఎందుకు తగ్గుతుందంటే, పరీక్షలో చేరిన మనిషి రోజుకు రెండుసార్లు బుద్ధిగా తోముతాడు, చాలావరకు ఆ పేస్టులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, లాలాజలంలోని కాల్షియం తన పని తాను చేస్తుంది. గొట్టాలు కొన్ని వాటంతటవే మూసుకుంటాయి. వీటి మీద నమ్మకం ఒకటి. నరం రకం కంటే మూత రకాల మీద నాకు కొంచెం ఎక్కువ గురి, అది నా సొంత అభిప్రాయం. కానీ సోడా తాగి హార్డ్ బ్రష్ పట్టేవాడికి ఏ రకం ఇచ్చినా బిరడా పొద్దున కొట్టి సాయంత్రం పీకినట్టే.

కెమిస్ట్రీ_అయ్యవారు
మూత రకం అన్నారు కాబట్టి ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. మందుల షాపు మామ చెప్పిన ఫాస్ఫోసిలికేట్ అసలు పళ్ళ కోసం పుట్టింది కాదు. లారీ హెంచ్ అని ఫ్లోరిడాలో గాజు మీద పనిచేసే శాస్త్రవేత్త. 1967లో ఒక సమావేశానికి బస్సులో పోతుంటే పక్కన వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన ఆర్మీ కల్నల్ కూర్చున్నాడు. గాయపడ్డ సైనికుల ఒంట్లో పెట్టిన లోహాన్ని, ప్లాస్టిక్‌ను శరీరం ఒప్పుకోవడం లేదు, ఒప్పుకునేది ఏదైనా చేయలేవా అని అడిగాడట. 1969కల్లా హెంచ్ ఎముకకు అతుక్కునే గాజు తయారుచేశాడు. ఆ గాజునే మెత్తటి పొడి చేసి పేస్టులో 5 శాతం కలుపుతారు. లాలాజలం తగలగానే కాల్షియం, ఫాస్ఫేట్ వదిలి, పంటి ఖనిజం లాంటి పొరను గొట్టాల మూతుల మీద పేరుస్తుంది. ఎముక కోసం చేసిన గాజు పంటికి మూతైంది.

రేణిగుంట_జంక్షన్
మన కొండ బస్సులో పక్క సీటాయన మొదటి మలుపులోనే భుజం మీద నిద్రపోతాడు. మనకు కనిపెట్టే యోగం లేదు.

పలమనేరు_టమాటా
మా పాపకు తొమ్మిదేళ్ళు. మామిడికాయ ఉప్పుకారం తిని పండ్లు పులిసినాయి అంటుంది. ఇంట్లో ఉన్న ఈ పేస్టు వాడొచ్చా? ఫ్లోరైడ్ అంటే కూడా భయం, నల్గొండ వాళ్ళ ఎముకలు టీవీలో చూశాం.

హౌస్‌సర్జన్_అక్క
పన్నెండేళ్ళ లోపు పిల్లలకు డాక్టర్ చెప్పకుండా సెన్సిటివ్ పేస్టు వద్దు. పులుపు తిని పళ్ళు పులవడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మామిడికాయ తిన్న వెంటనే నీళ్ళతో పుక్కిలించమనండి, బ్రష్ వద్దు. నల్గొండ బాధ ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళతో వచ్చింది. పేస్టు ఉమ్మేసేది, మింగేది కాదు. పిల్లలు మింగకుండా చూసుకోండి, అంతే.

కొర్లగుంట_కాఫీ
నాది రివర్స్ కేసు. నాకు జివ్వు ఉండేదే కాదు. గార పట్టిందని క్లీనింగ్ చేయించుకున్నా, తర్వాతి రోజు నుంచి చల్లగాలికి కూడా నోరు తెరవలేకపోయా. పళ్ళ మధ్య సందులు కూడా వచ్చాయి. మా అత్త ముందే చెప్పింది, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని.

హౌస్‌సర్జన్_అక్క
ఆ సందులు అంతకుముందే ఉన్నాయి, గార వాటిని పూడ్చి పెట్టింది. గార కిందే చిగురు జరిగిపోయి ఉంటుంది. పైన కప్పిన గారను తీసేసరికి గొట్టాలు గాలికి బయటపడ్డాయి. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు ఉండి తగ్గుతుంది. సరిగ్గా ఇలాంటి టైంకే ఈ పేస్టులు పనికొస్తాయి. గార అట్లే వదిలేసి ఉంటే పళ్ళు నిజంగానే వదులయ్యేవి, అత్తగారికి చెప్పండి.

కొర్లగుంట_కాఫీ
అత్తకు నేను చెప్పాలా? జివ్వే నయం అక్కా.

గాంధీరోడ్_గుమాస్తా
అక్క చెప్పిన అద్దం పరీక్ష ఇప్పుడే చేశా. కోరపన్ను దగ్గర ఏం లేదు. దాని వెనక పన్ను మీద గోరు చిగురు అంచుకు రాగానే టక్కుమని ఆగింది. కత్తితో గాటు పెట్టినట్టు చిన్న పల్లం. టార్చ్ వెలుగులో చూస్తే పన్ను తెల్లగా ఉంది, ఆ పల్లం మాత్రం పసుప్పచ్చగా మెరుస్తోంది. గోరు అందులో పడగానే మళ్ళీ అదే సూదిపోటు, నీళ్ళు లేకుండానే. దాని వెనక పన్నుకు కూడా ఉంది, చిన్నది. కుడివైపు గోరు నున్నగా జారిపోతోంది. ఇన్నేళ్ళు అద్దంలో క్రాఫు మాత్రమే చూసుకున్నా.

హౌస్‌సర్జన్_అక్క
పసుపు రంగులో కనబడింది డెంటిన్. గుచ్చుతూ కూర్చోకు. ఒకసారి చూపించుకో, డెంటల్ కాలేజీ ఓపీలో అయినా సరే. పల్లం లోతుగా ఉంటే పంటి రంగు ఫిల్లింగ్ పెట్టేస్తారు, లేకపోతే ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. ఈలోగా మెత్తటి బ్రష్ కొను. పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకో, నొక్కుడు దానంతటదే తగ్గుతుంది. రాత్రి పడుకునే ముందు పేస్టు, రెండు నిమిషాలు, ఉమ్మెయ్యి, పుక్కిలించొద్దు. కడుపులో తిప్పితే పేస్టు తగ్గించుకో, నీళ్ళు పెంచకు. సోడా తాగాక గంట దాకా బ్రష్ ముట్టుకోకు, ఉత్త నీళ్ళతో పుక్కిలించు చాలు.

చిత్తూరోడు
నేను ఇంకోటి చేస్తా. రాత్రి తోమాక బఠాణీ అంత పేస్టు వేలితో ఆ పంటి మీదే రాసి పడుకుంటా. ఎవరు చెప్పారో గుర్తు లేదు, నాకు పనిచేసింది.

మందుల_షాపు_మామ
ఆర్జినైన్ రకానికి కంపెనీ వాళ్ళే చెప్తారు, నొప్పి ఉన్న చోట వేలితో నిమిషం సేపు రుద్దమని. మిగతావాటికి డాక్టర్లు కొందరు చెప్తారు. ఇంకో మాట గుమాస్తా, 'వైట్నింగ్' అని రాసి ఉన్నవి, బొగ్గు పేస్టులు, ఎర్ర పళ్ళపొడి ఇప్పుడు వద్దు. గరుకు ఎక్కువ.

తోతాపురి_తోట
బొగ్గుతో తోమిన మా నాయన పళ్ళు...

పులుసన్నం
అవ్వ అయిపోయింది, ఇప్పుడు నాయన. కుటుంబం మొత్తం దంతకథలే.

గాంధీరోడ్_గుమాస్తా
ఐదు వారాలైంది, అప్‌డేట్ ఇస్తానని మర్చిపోయా.

డెంటల్ కాలేజీలో చూపించుకున్నా. లోతుగా ఉన్న పల్లానికి ఫిల్లింగ్ పెట్టారు, రెండోదానికి పేస్టే చాలన్నారు. అందుకే ఆ రెండో పన్నునే లెక్కలోకి తీసుకోండి, మొదటిది ఫిల్లింగ్ పుణ్యం. మొదటి రెండు వారాలు ఏం తేడా లేదు, మధ్యలో ఒకరోజు విసుగొచ్చి ట్యూబు పారేద్దామనుకున్నా. మూడో వారంలో ఎప్పుడో, ఏ రోజో చెప్పలేను, గ్లాసు సగం తాగాక గుర్తొచ్చింది, ఈరోజు కొట్టలేదే అని. ఇప్పుడు మామూలు చల్లనీళ్ళకు ఏమీ లేదు. ఐస్ ముక్క నేరుగా తగిలితే కొంచెం ఉంది. పేస్టు వల్లా, బ్రష్ మార్చడం వల్లా అని లంకె అన్న అడుగుతాడు, నాకు తెలీదన్నా, రెండూ ఒకేసారి చేశా. సాయంత్రం సోడా మానలేదు, మధ్యాహ్నందే మానేశా. స్ట్రాతో తాగుతున్నా, సోడా బండి అతను చిన్నపిల్లోడిని చూసినట్టు చూస్తున్నాడు.

హార్డ్ బ్రష్‌తో నిన్న బైకు చెయిన్ తోమా. మెరిసిపోయింది.

లెక్కల_లంకె
అడుగుదామనే వచ్చా. ముందే చెప్పేశావు, ఇంకేం అడగను.

తోతాపురి_తోట
గుమాస్తా, ఊరికే అడుగుతున్నా, మా ఇంటావిడ కోసం. నువ్వు వాడింది ఏ రంగు ట్యూబు?

మందుల_షాపు_మామ
రంగు అడగొద్దని చెప్పానా లేదా!